గ్రూపులో వచ్చిన వీడియోను వార్త చేసే ముందు

కొత్తగా చేరిన కంట్రిబ్యూటర్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఏ వాట్సాప్ గ్రూపుల్లో ఉండాలి?" నెల్లూరులో పద్దెనిమిదేళ్లుగా విలేకరి పని చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. నాయకుల గ్రూపుల్లో ప్రెస్ నోట్లు, సన్మానాల ఫొటోలు తప్ప పెద్దగా ఏమీ దొరకవు. రొయ్యల రైతుల గ్రూపులో చేరండి. 100 కౌంట్ (కిలోకు వంద తూగే రొయ్య) ధర పడిపోతే అక్కడ పొద్దున్నే గోల మొదలవుతుంది. కాలవ చివరి ఊళ్ల రైతుల గ్రూపులో చేరండి. నీళ్లు రాలేదని వాళ్లు పెట్టే ఎండిన నారుమడి ఫొటో దగ్గరే మంచి వార్త మొదలవుతుంది. చేరేటప్పుడే ఫలానా పేపరు విలేకరినని చెప్పండి. చెప్పకుండా కూర్చుని వాళ్ల మాటలు రాసేస్తే రెండోసారి మీతో ఎవరూ మాట్లాడరు.

వానాకాలంలోనే అసలు కష్టం. 2021 నవంబరులో సోమశిల డ్యాం నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. ఆనాటి వీడియోలు గట్టి వాన పడితే చాలు, "ఇప్పుడే, కోవూరు దగ్గర" అంటూ మళ్లీ తిరుగుతాయి. ప్రకాశం జిల్లా మల్లవరం దగ్గర గుండ్లకమ్మ ప్రాజెక్టు సంగతి ఇంకా చిక్కు. 2022 ఆగస్టులో అక్కడ ఒక గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో ఇంకో గేటు పోయింది. కాబట్టి గేటు వీడియో వస్తే పాతదే కదా అని పక్కన పడేయడానికీ లేదు.

మొన్నటి వానల్లో నాకొక వీడియో వచ్చింది. వంతెన మీద నీళ్లు పారుతున్నాయి, కింద మా జిల్లాలోని "సంగం" ఊరి పేరు రాసుంది. ముందు వాట్సాప్ ఫార్వర్డ్ గుర్తు చూశాను. రెండు బాణాలున్నాయి. అంటే అది ఎన్నో చేతులు మారి వచ్చింది, పంపినాయన తీసింది కాదు. తర్వాత ఫోన్ చెవికి ఆనించి మాటలు మాత్రమే విన్నాను. వెనక ఎవరో "ఆయ్, వెనక్కి రండి" అంటున్నారు. అది గోదావరి యాస. మనవైపు అయితే "యాడికి పోతుండావబ్బా" అని వినబడాలి. అప్పుడు షాపు బోర్డు కనిపించే చోట ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, ఫొటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో వేశాను. అదే వంతెన, అంతకు రెండేళ్ల కిందటి పోస్టు దొరికింది. మొత్తం పది నిమిషాల పని.

యాస మనదే అయితే ఇంకా అడగాలి. తీసిన మనిషి దొరికేదాకా ఒక్కొక్కరినీ వెనక్కి అడుగుతూ పోండి. దొరికితే ఆ వీడియోను డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే తీసిన తేదీ, సమయం పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. వాడుకోవచ్చా అని అడగండి, సరేనంటే పేరు వేయండి. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) అడ్వాన్స్‌డ్ సెర్చ్ ఉంది, తేదీలు పెట్టి ఊరి పేరుతో తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ వెతకండి. వాతావరణ శాఖ, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఖాతాలకు నోటిఫికేషన్ ఆన్ చేసి ఉంచండి.

ఇంత చేశాక కూడా ఫోన్ చేయాల్సిందే. ఇది నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. ఒక రాత్రి పదకొండింటికి చెరువు కట్ట తెగిందని మెసేజ్ వచ్చింది. పంపినాయన నాకు బాగా తెలిసిన మనిషి. ఆ నమ్మకంతో నా ఫేస్‌బుక్‌లో పెట్టేశాను. కట్ట తెగలేదు, చెరువు నిండి అలుగు పారుతోంది, అంతే. కానీ కింద ఊళ్లో జనం చీకట్లో పిల్లల్ని ఎత్తుకుని మెరక మీదికి పరుగెత్తారు. ఒక పెద్దమ్మ జారిపడి చెయ్యి విరిగింది. మర్నాడు వెళ్లి ఆమె మంచం పక్కన కూర్చున్నాను. "నువ్వు పెట్టావంటే నిజమే అనుకున్నాం నాయనా" అంది. ఆ పోస్టు చడీచప్పుడు లేకుండా తీసేయలేదు. తప్పు రాశానని, ఏది తప్పో చెబుతూ అక్కడే రాశాను. మీరు కూడా అలాగే చేయండి.

ఇంకొకటి. ఎవరైనా చనిపోయారనగానే వాళ్ల ఫేస్‌బుక్ ఫొటో తీసి వేసేయకండి, ఇంట్లోవాళ్లను అడగండి. లైంగిక దాడికి గురైన పిల్లల విషయమైతే అడగడం కూడా కాదు, వేయనే కూడదు. పోక్సో చట్టం 23వ సెక్షన్ కింద పేరు, ఫొటో, చిరునామా, బడి, కుటుంబ వివరాలు ఏవీ బయటపెట్టకూడదు. ఊళ్లో గ్రూపుల్లో అన్నీ తిరుగుతున్నాయి కదా అంటే కుదరదు.

అక్టోబరు వచ్చేలోపు మీ మండలంలో ప్రతి పెద్ద చెరువుకూ లస్కర్ (తూములు చూసే మనిషి) నంబరు, ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) నంబరు, వీఆర్వో నంబరు సేవ్ చేసుకోండి. మనిషి పేరుతో కాదు, ముందు ఊరి పేరు పెట్టి చేయండి. అర్ధరాత్రి వెతికేటప్పుడు మీకు గుర్తొచ్చేది ఊరి పేరే.