యూరియా వేసే ముందు పిడికెడు మట్టి తీసి చూడండి

మొక్కజొన్న, పత్తి లాంటి ఆరుతడి పంటలకు పైపాటుగా యూరియా వేసే ముందు జానెడు లోతు తవ్వి, పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కండి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారినా, మురుగు వాసన వచ్చినా ఆ రోజు బస్తా విప్పొద్దు. గాలి ఆడని తడి నేలలో కొన్ని రకాల బ్యాక్టీరియా, యూరియా నేలలో మారి ఏర్పడే నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుని నత్రజనిని వాయువుగా మార్చేస్తాయి. అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాల్లోకి పోతుంది. వందేళ్ల లెక్కన చూస్తే, అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే ఇది సుమారు 273 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. డబ్బు పెట్టి కొన్న ఎరువు పంటకు అందకపోగా వాతావరణానికి చేటు కూడా!

ముందు నీరు బయటికి తీసేయండి. నొక్కితే ముద్దయి, వేలితో తాకితే విడిపోయే పదును వచ్చాకే యూరియా వేసి మట్టి కప్పండి. పైనే వదిలేస్తే అమ్మోనియాగా ఆవిరైపోతుంది. అంతా ఒకేసారి వద్దు, రెండు మూడు దఫాలుగా వేయండి. (వరి మడి సంగతి వేరు, దానికి ఈ పరీక్ష పనికిరాదు.)

తవ్విన మట్టిలో వానపాములు ఉన్నాయేమో కూడా చూడండి. ఒక్కటీ కనబడకపోతే, ఈసారి పంట కోశాక చెత్త తగలబెట్టకుండా నేలలోనే కలపండి. మట్టి గుల్లబారేకొద్దీ నీరు నిలవడమూ తగ్గుతుంది.