విపత్తు నిర్వహణ స్వయంశిక్షణ – నాలుగో పాఠం: బడిని ఖాళీ చేయించడం, పేర్లు పిలవడం

గత పాఠంలో గీసుకున్న భవన పటాన్ని ముందు పెట్టుకోండి. గదులు, తలుపులు, మెట్లు, గేట్లు, కరెంటు మెయిన్, వంటగ్యాస్ ఉన్న చోటు అందులో గుర్తించి ఉంటారు. ఈ పాఠమంతా ఆ పటం మీదే నడుస్తుంది. గీయనివాళ్లు ముందు ఆ పని ముగించుకుని రండి. పటం లేకుండా చదివితే ఇందులోని కొలతలు కొలతలుగానే మిగిలిపోతాయి, మీ బడికి అతకవు.

ఇవాళ నేర్చుకునేవి రెండు. బడిలో ఉన్నవాళ్లందరినీ బయటికి తీసుకురావడం, అందరూ వచ్చారని పేరుపేరునా తేల్చడం. కష్టమంతా రెండోదానిలోనే ఉంది. చాలాచోట్ల మాక్ డ్రిల్ అంటే గంట కొడతారు, పిల్లలు మైదానంలోకి పరుగెత్తుతారు, ఎవరో ఫొటో తీస్తారు, ‘మూడు నిమిషాల్లో ఖాళీ చేశాం’ అని నివేదిక వెళ్తుంది. లోపల ఎవరూ మిగల్లేదని ఎవరు తేల్చారు, ఎన్నో నిమిషంలో తేల్చారు, ఏం చూసి తేల్చారు? ఆ మూడూ రాయని నివేదికను అధికారులు వెనక్కి పంపాలి.

ఏ ప్రమాదానికి ఏ కదలిక

గంట మోగగానే బయటికి పరుగెత్తడమే పిల్లలకు అలవాటైతే, అదే కొన్ని ప్రమాదాల్లో ప్రాణం తీస్తుంది. అందుకే డ్రిల్ కన్నా ముందు ఈ తేడా నేర్పాలి.

మంటకు వెంటనే బయటికి రావాలి. మూసి ఉన్న తలుపును తీసేముందు అరచేతి వెనుక భాగంతో తాకి చూడాలి. వేడిగా ఉంటే ఆ దారి వద్దు. పొగ ఉంటే వంగి, అవసరమైతే పాకుతూ వెళ్లాలి, ఎందుకంటే వేడి పొగ పైకప్పు కింద పేరుకుంటుంది, కాస్త మంచి గాలి నేలకు దగ్గరగా మిగులుతుంది. ఆఖరున వచ్చేవాళ్లు తలుపు దగ్గరికి వేయాలి, గొళ్లెం మాత్రం పెట్టకూడదు. వేసిన తలుపు పొగను కొన్ని నిమిషాలు ఆపుతుంది.

భూకంపానికి కంపించేటప్పుడు కదలకూడదు. మోకాళ్ల మీద కూలబడి, బల్ల కిందికి దూరి, దాని కాలు గట్టిగా పట్టుకోవాలి. బల్ల లేకపోతే గోడవారగా, కిటికీ అద్దాలకు దూరంగా, రెండు చేతులతో తల, మెడ కప్పుకోవాలి. కంపనం ఆగాకే బయటికి. మట్టిగోడలూ బరువైన కప్పూ ఉన్న ఒంటి అంతస్తు గది అయితే, తలుపు పక్కనే ఉన్నవాళ్లు వెంటనే ఆరుబయటికి వెళ్లడమే మేలు కావచ్చు. అలాంటి గదులు మీ బడిలో ఉంటే ఇంజినీరుకు చూపించి, ఆ గదికి ఏ నియమమో ముందే రాసి పెట్టండి. ఇంకో సంగతి: భూకంపానికి గంట కొట్టేవాళ్లు ఉండరు. నేల కదలడమే గంట. కాబట్టి ఆ డ్రిల్‌ను గంటతో కాక, టీచర్ నోటిమాటతో మొదలుపెట్టాలి.

తుపాను గాలి మొదలయ్యాక బయటికి తేకూడదు. అప్పటికి బడి ఖాళీ అయి ఉండాలి, లేదా గట్టి గదిలో ఉండిపోవాలి. విషవాయువు లీకైతే గాలి ఎటు వీస్తోందో చూసి, ఆ గాలికి అడ్డంగా నడిచి ముందు మేఘం దారి నుంచి తప్పుకోవాలి. గాలి మోసుకెళ్తున్న దిక్కునే పరుగెత్తితే వాయువు వెన్నంటే వస్తుంది. సముద్రతీరాన బలమైన కంపనం వచ్చినా, చాలాసేపు ఆగకుండా కంపించినా, హెచ్చరిక కోసం చూడకుండా ఎత్తుకు నడవాలి.

దారిని కొలవడం

టేపు, గడియారం, సుద్దముక్క పట్టుకుని ప్రతి గది నుంచీ బయటిదాకా నడవండి. మీటరు వెడల్పున్న తలుపు గుండా తోసుకోకుండా నడిస్తే సెకనుకు సుమారు ఒకరు వెళ్తారు. మెట్ల మీద, అందులోనూ చిన్నపిల్లలతో, ఇంకాస్త నెమ్మది. పై అంతస్తులో ఆరు గదులు, గదికి 40 మంది అనుకోండి, మొత్తం 240 మంది. ఒకే మెట్లదారి ఉంటే సెకనుకొకరి లెక్కన కూడా నాలుగు నిమిషాలు పడుతుంది. పిల్లల్ని తొందరపెట్టి దీన్ని తగ్గించలేరు. తొందరపెడితే మెట్ల మలుపులో ఒకరు పడతారు, వెనకవాళ్లు వాళ్ల మీద పడతారు. తగ్గించే మార్గం రెండో మెట్లదారిని తెరవడం, లేదా పై గదుల్లో సంఖ్య తగ్గించడం. మీ మెట్ల సామర్థ్యం తెలుసుకోవడానికి మా అంకె నమ్మక్కర్లేదు. మామూలు రోజున ఇంటిగంట కొట్టినప్పుడు మెట్ల కింద నిలబడి ఒక నిమిషంలో ఎంతమంది దిగారో లెక్కపెట్టండి.

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో బడి వంటశాలలో రేగిన మంట పూరికప్పు గదులకు పాకి 94 మంది పిల్లలు చనిపోయారు. మంట ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు, కప్పు దేనితో వేశారు, వంటశాల ఎంత దగ్గరుంది, మెట్లు ఎంత ఇరుకు అన్నవి కూడా ప్రాణాలను నిర్ణయిస్తాయి. దారి కొలిచేటప్పుడు ఈ మూడూ చూడండి.

నడిచేటప్పుడు తరచుగా దొరికే లోపాలు ఇవి: వెనక గ్రిల్‌కు తాళం, ఆ తాళంచెవి ఆఫీసు సొరుగులో. వరండాలో విరిగిన బెంచీల గుట్ట. లోపలికి తెరుచుకునే తలుపు, దాని వెనక బీరువా. కరెంటు బెల్లు మాత్రమే ఉండటం, అంటే కరెంటు పోతే సంకేతమే లేదు. చేతిగంట ఒకటి, ఈల ఒకటి తప్పనిసరి. మరుగుదొడ్లో తలుపు వేసుకుని నిలబడి గంట వినబడుతుందో లేదో పరీక్షించండి. ఈ పరీక్ష చేసే బడులు చాలా తక్కువ. రోజులో ఏ నిమిషమైనా ఎవరో ఒకరు అక్కడ ఉంటారు కదా.

రెండు వరుసలు కలిసే చోట ఎవరు ఆగాలో ముందే నిర్ణయించాలి. మా సలహా: మెట్లు దిగుతున్న వరుసను ఆపొద్దు. చదునైన వరండాలో ఆగినవాళ్లు నిలబడగలరు. మెట్ల మీద ఆగినవాళ్ల మీదికి వెనకవాళ్ల బరువు వస్తుంది. కింది గదులకు వేరే తలుపు ఉంటే వాళ్లను అటే పంపాలి.

గదిలో ఒకే టీచర్ ఉంటే ఆవిడ చివర రావాలి. దారి తెలిసిన విద్యార్థి ముందు నడవాలి, మెట్ల పైన ఒకసారి ఆగి వెనక్కి చూడాలి. బాగా చిన్న తరగతులకు మాత్రం పెద్దవాళ్లు ముందూ వెనకా ఇద్దరు కావాలి, పిల్లలు ఒక పొడవాటి తాడు పట్టుకుని నడవాలి. సంచులు, చెప్పులు, నీళ్లసీసాలు గదిలోనే. బయటికి రావాల్సిన వస్తువు ఒక్కటే, హాజరు పట్టీ. అది బల్ల మీద కాక తలుపు పక్కన మేకుకు వేలాడుతుండాలి.

చేరే చోటు

భవనం ఎత్తు ఎంతో కనీసం అంత దూరం, చోటుంటే ఒకటిన్నర రెట్లు. తొమ్మిది మీటర్ల భవనానికి 9 నుంచి 14 మీటర్లు. కాంపౌండ్ గోడ, ఎత్తు ట్యాంకు, కరెంటు తీగలు, పెద్ద కొమ్మలు దగ్గర్లో ఉండకూడదు. ఫైరింజన్ వచ్చే దారిలో పిల్లలు నిలబడకూడదు. వరుసలో నిలబడ్డ పిల్లకు అర చదరపు మీటరు లెక్కన 400 మందికి 200 చదరపు మీటర్లు, వరుసల మధ్య టీచర్ నడవడానికి మరికొంత. ఏ తరగతి ఎక్కడ నిలబడాలో నేల మీద రాసి ఉంచండి.

చేరే చోటును పేరుతో, దారితో, ప్రత్యామ్నాయంతో రాయాలి. ‘దగ్గరలోని ఖాళీ స్థలం’ అని రాస్తే ఏమవుతుందో జపాన్‌లోని ఇషినోమాకి నగరంలో ఒకావా ప్రాథమిక పాఠశాల చూపింది. 2011 మార్చి 11న మధ్యాహ్నం 2:46కు భూకంపం. పిల్లల్ని సవ్యంగానే ఆవరణలోకి తెచ్చారు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలో తేలక సుమారు 50 నిమిషాలు అక్కడే ఉన్నారు. బడి వెనకే కొండ ఉంది. సునామీలో 108 మంది విద్యార్థుల్లో 74 మంది, 10 మంది ఉపాధ్యాయులు చనిపోయారు. 2018లో సెందాయ్ హైకోర్టు తప్పును ఆ రోజు ఆవరణలో ఉన్న టీచర్ల తడబాటుకే పరిమితం చేయలేదు. ముందుగా సరైన ప్రణాళిక తయారు చేయించని విద్యాశాఖ యంత్రాంగాన్నీ తప్పుపట్టింది. 2019లో జపాన్ సుప్రీంకోర్టులో ఆ తీర్పు ఖరారైంది. స్థానిక అధికారులు ఈ తీర్పును తమ గురించి రాసినట్టే చదువుకోవాలి. ప్రణాళిక మీద సంతకం చేసేది వాళ్లే.

అదే రోజు కమైషి నగరంలో ఉనోసుమాయి ప్రాంతపు పిల్లలు మొదటి చోటుకు చేరి, అది చాలదనిపించి ఇంకా పైకి, మళ్లీ ఇంకా పైకి కదిలి బతికారు. అందుకే మీ ప్రణాళికలో మొదటి చోటు, రెండో చోటు, ఏం కనిపిస్తే మొదటిదాన్ని వదలాలి అన్నవి మూడూ ఉండాలి.

లెక్క

తలలు లెక్కపెట్టడం చాలదు. ఐదో తరగతి వరుసలో 41 మంది ఉండాలి, 41 మంది ఉన్నారు. కానీ అందులో ఒకరు భయపడి అక్క తరగతి వరుసలోకి వచ్చిన మూడో తరగతి పిల్ల, ఐదో తరగతి అబ్బాయి ఒకరు ఇంకా మరుగుదొడ్లో ఉన్నాడు. అంకె సరిపోయింది, పిల్లాడు లోపలే ఉన్నాడు. అందుకే పేర్లు పిలవాలి. పేరుకు రెండు సెకన్లు చొప్పున 40 మందికి 80 సెకన్లు. అంత సమయం ఎప్పుడూ ఉంటుంది.

పట్టీ నిజం చెప్పాలంటే మధ్యాహ్నం కూడా హాజరు వేయాలి. భోజనానికి ఇంటికి వెళ్లి తిరిగి రానివాళ్ల కోసం అగ్నిమాపక సిబ్బంది పొగలోకి వెళ్లే పరిస్థితి తేవద్దు. వంటవాళ్లు, ఆయా, వచ్చిన తల్లిదండ్రులు, మేస్త్రీలు ఏ తరగతి పట్టీలోనూ ఉండరు. వాళ్ల కోసం గేటు దగ్గర పుస్తకం ఉండాలి, దాన్ని బయటికి తెచ్చే మనిషి పేరు నిర్ణయించి ఉండాలి.

ప్రతి పట్టీకీ ఒక వైపు పచ్చ, మరో వైపు ఎరుపు ఉన్న అట్ట కట్టండి. అందరూ ఉంటే పచ్చ ఎత్తాలి. ఒక్కరు తగ్గినా ఎరుపు. ప్రధానోపాధ్యాయుడు ముందు ఎరుపు దగ్గరికే వెళ్లాలి, మూడు ముక్కల్లో సమాచారం తీసుకోవాలి: పేరు, తరగతి, చివరిసారి ఎక్కడ చూశారు. ఆ కాగితం ఫైర్ సిబ్బంది చేతికి వెళ్తుంది. టీచర్ వెనక్కి పరుగెత్తకూడదు. ఇది పాటించడం ఎంత కష్టమో మాకు తెలుసు. కానీ ఆవిడ లోపలికి వెళ్తే వెతకాల్సినవాళ్లు ఇద్దరవుతారు, బయట 40 మంది దిక్కులేకుండా నిలబడతారు.

చక్రాల కుర్చీలో ఉన్న పిల్లల విషయంలో మోసుకెళ్లే పద్ధతులు నేర్చుకునేముందు చేయాల్సింది వాళ్ల తరగతిని కింది అంతస్తుకు మార్చడం. వాళ్లకు తోడుండే పెద్దవాళ్లు ఇద్దరు, వాళ్లు సెలవులో ఉంటే మరో ఇద్దరు, పేర్లతో రాయండి. వినికిడి లేని పిల్లలకు పక్కపిల్ల భుజం తట్టడం, లైటు ఆర్పి వెలిగించడం సంకేతాలు.

డ్రిల్‌ను అంచెలంచెలుగా

మొదటి వారం గంట లేకుండా ఒక్కో తరగతిని విడిగా నడిపించండి. తర్వాత ఒక్కో అంతస్తు, ఆపై బడి మొత్తం. అది కుదిరాక ఒక మెట్లదారికి ఎర్రగుడ్డ అడ్డంగా కట్టి ‘పొగ’ అని రాయండి, పిల్లలు రెండోదారి వెతుక్కోవాలి. తల్లిదండ్రులకు, పోలీసులకు, అగ్నిమాపక కేంద్రానికి ముందే చెప్పండి. ప్రతి సందేశం ‘ఇది డ్రిల్’ అన్న మాటతో మొదలవ్వాలి. మధ్యలో నిజంగా ఎవరైనా పడితే ‘డ్రిల్ కాదు’ అని మూడుసార్లు అరవాలని అందరికీ తెలియాలి.

పరిశీలకుడిగా వచ్చే స్థానిక అధికారి నాలుగు సమయాలు రాసుకోవాలి. ఒక నమూనా:

గంట మోగింది – 11:20:00
మొదటి విద్యార్థి బయటికి – 11:20:50
చివరి వరుస చేరింది – 11:24:30
చివరి అట్ట లేచింది – 11:31:10

మూడో సమయం చూస్తే అంతా బాగుంది. నాలుగోది చూడండి. 80 సెకన్ల పనికి 6 నిమిషాల 40 సెకన్లు పట్టింది. దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: పట్టీ గదిలోనో, ఆఫీసులోనో ఉండిపోయింది. మొదటి 50 సెకన్ల ఆలస్యానికి కారణం సంచులు సర్దుకోవడమో, గ్రిల్ తాళమో.

లెక్క నిజంగా జరుగుతోందా అని తేల్చే పరీక్ష ఇంకొకటుంది. తల్లిదండ్రుల అనుమతితో, ప్రధానోపాధ్యాయుడికి మాత్రమే చెప్పి, ఒక విద్యార్థిని డ్రిల్‌కు ముందు పక్క గదిలో కూర్చోబెట్టండి. పక్కన ఒక పెద్దమనిషి తప్పనిసరి. ఎరుపు అట్ట ఎన్నో నిమిషంలో లేచింది? లేవకపోతే ఆ టీచర్ని అందరి ముందూ మందలించొద్దు. పట్టీ ఎక్కడుంది, పేర్లు పిలిచారా, మధ్యాహ్నం హాజరు వేశారా అని చూసి, వచ్చే డ్రిల్‌లో అదే పరీక్ష మళ్లీ పెట్టండి.

ఈ వారం అభ్యాసం

పటం మీద ప్రతి గది నుంచి రెండు దారులు గీయండి, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఒక్క దారే ఉన్న గదుల్ని చుట్టి పెట్టండి. అన్ని తాళంచెవులు ఎక్కడున్నాయో రాయండి. ఇంటిగంట వేళ ఒక నిమిషంలో మెట్లు దిగినవాళ్ల సంఖ్య రాయండి. అధికారులు తమ పరిధిలోని ఒక బడి ప్రణాళిక తెప్పించుకుని, చేరే చోటుకు పేరుందా, రెండో చోటు ఉందా అని చూసి, లేకపోతే ఏం రాయాలో మార్జిన్‌లో రాయండి.

ఐదో పాఠంలో, చేరే చోటు నుంచి పిల్లల్ని తల్లిదండ్రులకు అప్పగించడం నేర్చుకుందాం. దానికి ప్రతి విద్యార్థిని తీసుకెళ్లడానికి అనుమతి ఉన్న ముగ్గురి పేర్లు కావాలి, ఇప్పటి నుంచే సేకరించడం మొదలుపెట్టండి.