గ్రైండరు గార్డు విప్పకండి: పాత వడ్రంగి పనిముట్లకు తుప్పు తీసే ముందు జాగ్రత్తలు

ఒడిశాలోని పర్లాకిమిడికి దగ్గరలో ఉన్న ఒక పల్లెలో ఇటీవల ఒక యువ వడ్రంగి తన తాతగారి బాడిసకు తుప్పు తీస్తుండగా చేతి గ్రైండరు చక్రం పగిలింది; అతని కుడి కన్ను పోయింది. విన్నవారిలో ఎక్కువమంది చక్రం నాసిరకానిదై ఉంటుందని అన్నారు. అది నిజమే కావచ్చు. అయితే ఎంత మంచి చక్రమైనా ఏదో ఒకనాడు పగిలే వస్తువే. అది పగిలిన నాడు ముక్కలు మనిషి వైపు రాకుండా ఆపడానికే తయారీదారులు యంత్రానికి గార్డు అనే ఇనుప రేకును బిగించి పంపుతారు. ప్రమాదం జరిగిన రోజు ఆ గార్డు యంత్రానికి లేదు. అంతకు చాలా ముందే దానిని విప్పి గోడ మేకుకు తగిలించారు.

ఇప్పుడే ఈ విషయం రాయడానికి కారణం ఉంది. ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగువారి ఇళ్లలో సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ జరుగుతుంది, ఆ వెనుకే దసరా ఆయుధపూజ వస్తుంది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల సరిహద్దు మండలాల్లోనూ చాలామంది వడ్రంగులు రెండింటినీ చేసుకుంటారు. వానలకు తుప్పెక్కిన ఉలులు, చిత్రికలు, బాడిసలు ఈ రోజుల్లోనే పెట్టెల్లోంచి బయటికి వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను నీళ్లకు తడిసి, ఆనాటి నుంచి అటక మీదే ఉండిపోయిన పెట్టెలు కూడా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. పూజ నాటికి అవన్నీ తళతళలాడాలన్న తొందరలో మనుషులు గ్రైండరు పట్టుకుంటారు.

చెప్పులు వేసుకోవాలి, పిల్లలను దూరంగా ఉంచాలి, తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోరాదు వంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. నా కళ్లతో చూసిన పెద్ద గాయాల వెనుక ఉన్న పొరపాటు దాదాపు ప్రతిసారీ ఒక్కటే. గార్డు విప్పడం.

గార్డు ఎందుకు విప్పుతారు

బాడిస లోపలి వంపులోకి చక్రం దూరదని కొందరు విప్పుతారు. తుప్పు దులిపే గిన్నె ఆకారపు వైరు బ్రష్షు గార్డుకు తగులుతోందని మరికొందరు విప్పుతారు. అన్నిటికంటే ప్రమాదకరమైనది మూడో కారణం. ఏడు అంగుళాల యంత్రం మీద అరిగి చిన్నదైన చక్రాన్ని పారేయడానికి మనసొప్పక నాలుగు అంగుళాల యంత్రానికి ఎక్కించడానికి గార్డును తీసేస్తారు.

ఈ మూడో పని ఎంత తెలివితక్కువదో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. నాలుగు అంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో దాని సొంత చక్రం అంచు గంటకు 200 కిలోమీటర్లకు పైగా పరుగెడుతుంది. అందుకు తట్టుకునేలాగే ఆ చక్రాన్ని చేస్తారు. ఏడు అంగుళాల చక్రం మీద మాత్రం నిమిషానికి దాదాపు 8,500 చుట్లకు మించరాదని రాసి ఉంటుంది. అంతేగాక, మన దగ్గర నాలుగు అంగుళాల చక్రానికి నడిమి కన్నం 16 మిల్లీమీటర్లు ఉంటే, ఐదు, ఏడు అంగుళాల వాటికి 22 మిల్లీమీటర్లకు కొంచెం పైన ఉంటుంది. ఆ ఖాళీని రేకు ముక్కతోనో టేపుతోనో నింపి బిగించిన చక్రం నడిమికి కుదురుకోదు. వణుకుతూ తిరుగుతుంది, ఆ వణుకుకే చీలుతుంది. అరిగి చిన్నదైంది కదా అనే వాదన కూడా నిలవదు, ఎందుకంటే కన్నం చిన్నది కాలేదు.

పగిలిన ముక్క ఎటు వెళుతుందో కూడా తెలుసుకోవాలి. అది చక్రం తిరిగే తలంలోనే, అంచు నుంచి నేరుగా ఎగిరిపోతుంది. పని మీదికి వంగి చూస్తున్న మనిషి ముఖం, మెడ సరిగ్గా ఆ తలంలోనే ఉంటాయి. గార్డు మూసేది చక్రంలో మనవైపు ఉన్న సగాన్నే. కాబట్టి గార్డు ఉండటమే చాలదు, దాని మూసిన వైపు మన వైపుకు తిరిగి ఉండాలి. పని కోణం మారినప్పుడల్లా యంత్రాన్ని ఆపి గార్డును తిప్పుకోవాలి. కళ్లద్దాలు పెట్టుకున్నానుగా అని గార్డు విప్పేవారు ఉన్నారు. అద్దాలు నిప్పురవ్వలను, వైరు పుల్లలను ఆపుతాయి గాని అంత వేగంతో వచ్చే చక్రపు ముక్కను ఆపుతాయని నమ్మకండి. బాడిస వంపులోకి చక్రం దూరకపోతే ఆ వంపు గ్రైండరుతో చేయవలసిన చోటు కాదని అర్థం. అక్కడ ఎమరీ కాగితం చుట్టిన గుండ్రని కర్ర చాలు. గార్డు విప్పకండి.

యంత్రం లేకుండా తుప్పు తీయడం

నన్ను అడిగితే పాత చేతి పనిముట్టు తుప్పు తీయడానికి గ్రైండరు అవసరమే లేదు. చిత్రిక నుంచి బ్లేడును, ఉలి నుంచి పిడిని వేరు చేసి, కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పును (సిట్రిక్ యాసిడ్) లీటరు నీటికి 50 నుంచి 100 గ్రాముల చొప్పున కలిపి, ఇనుప భాగాన్ని మాత్రమే ప్లాస్టిక్ తొట్టిలో ముంచి, గంటకొకసారి తీసి బ్రష్షుతో రుద్దుతూ ఉంటే మామూలు తుప్పు కొన్ని గంటల్లో వదులుతుంది. రాత్రంతా వదిలేస్తే తుప్పుతో పాటు మంచి ఇనుమును కూడా తిని గుంటలు చేస్తుంది. బయటికి తీసిన వెంటనే వంట సోడా నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె రాయాలి. ఆలస్యమైతే కళ్ల ముందే కొత్త తుప్పు పడుతుంది. నానబెట్టిన తొట్టికి మూత బిగించకూడదు, లోపల వాయువు పుడుతుంది.

మరుగుదొడ్లు కడిగే యాసిడ్ వాడకూడదు. దాని ఆవిరి ఊపిరితిత్తులను కాల్చడమే కాక, గదిలో ఉన్న మిగతా పనిముట్లన్నిటికీ తుప్పు పట్టిస్తుంది. వానాకాలంలో బావిలో వేయడానికి తెచ్చిన బ్లీచింగ్ పొడి అదే గదిలో ఉండి, ఈ రెండూ పొరపాటున కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడి ప్రాణం మీదికి వస్తుంది. చాకలి సోడా నీళ్లలో బ్యాటరీ కరెంటు పెట్టి తుప్పు తీసే పద్ధతిని మొబైల్లో చూసి చేసేవారు బ్యాటరీ రెండో కొసకు స్టెయిన్‌లెస్ స్టీలు గరిటెలు, గిన్నెలు కట్టకూడదు. వాటిలోని క్రోమియం విషపూరిత రూపంలో నీటిలోకి దిగుతుంది. సోడాకు బదులు ఉప్పు వేయకూడదు. ఆ పని ఆరుబయటే చేయాలి, దగ్గర బీడీ వెలిగించరాదు.

రంగు వేసి ఉన్న ఇనుప చిత్రికల విషయంలో ఒక మాట. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90 భాగాలకు) మించరాదన్న నిబంధన 2017 నవంబరులో గాని అమలులోకి రాలేదు. అంతకు ముందు వేసిన ఆకుపచ్చ, ఎరుపు, పసుపు రంగుల్లో సీసం ఉందనుకునే నడుచుకోవాలి. ఆ రంగును పొడిగా గీకకూడదు, వైరు బ్రష్షు పెట్టకూడదు, మంటతో కాల్చకూడదు. నీళ్లు చల్లి తడి ఎమరీతో రుద్ది, ఆ ముద్దను కాగితంలో చుట్టి పారేయాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ పనికి వేసుకున్న బట్టలను వేరుగా ఉతకాలి.

పదును, పిడి

పాత చిత్రిక బ్లేళ్లలో చాలా వాటికి, కమ్మరి చేసిన బాడిసలకు మెత్తని ఇనుముకు ఒకవైపు గట్టి ఉక్కు అతికి ఉంటుంది. ఉక్కు ఉన్న వైపు నుంచి ఇష్టం వచ్చినట్లు అరగదీస్తే పదును నిలిచే పొరే పోతుంది, మిగిలేది మెత్తని రేకు. ఉక్కు వేడెక్కితే కూడా అదే నష్టం. అంచు లేత గడ్డి రంగుకు వచ్చేసరికి వేడి 220 డిగ్రీలు దాటిందని, నీలం తిరిగేసరికి 300 డిగ్రీల దగ్గరకు వెళ్లిందని, అక్కడి ఉక్కు బిగువు పోయిందని గ్రహించాలి. గ్రైండరు దీన్ని రెండు మూడు క్షణాల్లో చేస్తుంది. సానరాయి మీద నీళ్లు చల్లుతూ 25 డిగ్రీల వాలుకు నింపాదిగా రుద్దిన ఉలికి ఆ భయం లేదు. నీలం తిరిగిన భాగాన్ని మళ్లీ మంటలో పెట్టి సొంతంగా సరిచేయబోకండి, అది కొలిమి తెలిసిన కమ్మరి పని.

దెబ్బలు తిని నెత్తి పువ్వులా విచ్చుకున్న ఇనుప ఉలిని అలాగే వాడకూడదు; తరువాతి సుత్తి దెబ్బకు ఆ రేకు తెగి తూటా వేగంతో వస్తుంది. విచ్చుకున్న అంచును ముందుగా ఆకురాయితో తీసేయాలి. బాడిస పిడి వదులైతే నీళ్లలో నానబెట్టి బిగిసిందనుకోవడం మోసం, ఎండకు అది మళ్లీ వదులవుతుంది. ఆరిన తుమ్మ కర్రతో కొత్త పిడి చేయించడమే సరైన మార్గం.

మిగిలినవి వరుస పెట్టి చెబుతున్నాను, పాటించండి.

పలుచని కటింగ్ చక్రం పక్క భాగంతో ఉలికి పదును పెట్టకండి. అది అంచుతో కోయడానికే చేసినది. పక్క నుంచి ఒత్తితే విరుగుతుంది. ఈ సరిహద్దు ఊళ్లలో ఈ అలవాటు లేని షెడ్డును నేను చూసిన గుర్తు లేదు.

చక్రం నడుమ ఉన్న ఇనుప రింగు మీద గడువు తేదీ ఉంటుంది, చూడండి. సాధారణంగా తయారైన మూడేళ్లకు గడువు తీరుతుంది, ఎందుకంటే గరుకు రేణువులను పట్టి ఉంచే జిగురు తేమకు బలహీనపడుతుంది. వానాకాలమంతా చెమ్మ గోడకు ఆనించి ఉంచిన చక్రాన్ని, కింద పడిన చక్రాన్ని వాడకండి.

వైరు బ్రష్షు మీద రాసిన చుట్ల సంఖ్య యంత్రం మీది సంఖ్య కంటే తక్కువైతే దానిని యంత్రానికి ఎక్కించకండి. గార్డుకు తగిలే బ్రష్షు ఆ యంత్రానికి సరిపోని బ్రష్షు. చిన్నది కొనుక్కోండి, గార్డు మాత్రం విప్పకండి.

కర్ర కోసే పళ్ల బ్లేడును చేతి గ్రైండరుకు ఎక్కించకండి. ఏ కారణం చేతనూ ఎక్కించకండి.

కొత్త చక్రం బిగించాక ఒక నిమిషం పాటు దాని ఎదుట నిలబడకుండా ఉత్తగా తిప్పి చూడండి.

పనిముట్టును కాలి కింద తొక్కిపట్టి గ్రైండరు పెట్టకండి, బల్లకు బిగించండి. పక్క పిడిని పీకేయకండి. రెండు చేతులతో పట్టుకోండి. తువ్వాలు మెడలో ఉంటే తీసేయండి. వైరు బ్రష్షు దగ్గర నూలు చేతి తొడుగులు వేసుకోకండి, బ్రష్షు వాటిని పట్టిందంటే వేలిని కూడా లాక్కుపోతుంది.

కరెంటు పోయిన వెంటనే స్విచ్చి ఆపి, ప్లగ్గు తీయండి. జరుపుడు స్విచ్చి ఉన్న యంత్రాలు కొన్ని కరెంటు రాగానే నేల మీద వాటంతటవే తిరగడం మొదలుపెడతాయి. గాలివానల నెలలో ఇది రోజూ జరిగేదే.

చక్రం మార్చేటప్పుడు కూడా ప్లగ్గు తీయండి.

రంపపు పొట్టు ఉన్న చోట గ్రైండరు తిప్పకండి. నిప్పురవ్వ పొట్టులో పడి గంటల తరబడి రాజుకుని రాత్రి మంటవుతుంది. తుప్పు వదలడానికి కిరోసిన్ రాసిన వస్తువుకు గ్రైండరు పెట్టకండి. పెట్రోలుతో ఏదీ కడగకండి.

చిత్రిక కొయ్యకు అవిసె నూనె పట్టించిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి, బయటి నుంచి నిప్పు తగలకుండానే గుడ్డ అంటుకుంటుంది. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో వేయండి. ఇనుముకు కొబ్బరి నూనె చాలు, దానికి ఆ గుణం లేదు.

టేకు, ఇరుగుడు కొయ్యను గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ కలప ధూళిని 1995లోనే క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

యంత్రాన్ని అరువు తెచ్చుకుంటే మొదట గార్డు చూడండి. లేకపోతే తిరిగి ఇచ్చేయండి. యజమాని ఏమనుకుంటాడో అని మొహమాట పడకండి. మీరే ఇతరులకు అరువిస్తుంటే గార్డుతోనే ఇవ్వండి. గార్డు బిగించే స్క్రూ అరిగిపోయిందా, మార్పించే వరకు ఆ యంత్రాన్ని వాడకండి. ఒక్క నిమిషం పని అని గార్డు విప్పకండి. చక్రం పగలడానికి నిమిషం అక్కర్లేదు.

లోతుగా తెగితే ధనుర్వాతం టీకా గురించి డాక్టరును అడగండి. ఆ జబ్బు తుప్పు వల్ల వచ్చేది కాదు, మట్టిలో, పేడలో ఉండే సూక్ష్మజీవి వల్ల వచ్చేది. కాబట్టి తళతళలాడే ఉలి గుచ్చుకున్నా అడగండి. మురికి గాయమై, చివరి టీకా వేయించుకుని ఐదేళ్లు దాటి ఉంటే మళ్లీ వేస్తారు.

కంట్లో ముక్క దిగితే నలపకండి, అయస్కాంతం పెట్టకండి, నాలుకతో తీయించకండి, చనుబాలు పోయించకండి, గుచ్చుకుని ఉన్నదాన్ని లాగకండి. కాగితపు గ్లాసు అడుగు భాగాన్ని కంటికి ఒత్తిడి తగలకుండా కప్పి, టేపుతో అంటించి, 108కి ఫోను చేసి, బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి గాని, మీకు దగ్గరలోని కంటి శస్త్రచికిత్స చేసే ఆసుపత్రికి గాని వెంటనే బయలుదేరండి. దారిలో ఏమీ తిననివ్వకండి, ఆపరేషన్ చేయవలసి రావచ్చు. నొప్పి తగ్గిందని, చూపు మసకగానైనా ఉందని, రాత్రి అయిందని తెల్లవారే దాకా ఆగకండి.