సంక్రాంతి లీవుకు ముందు మెయిల్‌లో ఆటోమేటిక్ రిప్లై: జాగ్రత్తలు

భోగి దగ్గర పడేసరికి హైదరాబాద్ ఆఫీసుల్లో కుర్చీలు ఖాళీ అవడం మొదలవుతుంది. బస్సుకి టైమైపోతోందన్న హడావుడిలో ఆటోమేటిక్ రిప్లై ఆన్ చేసి పరుగెత్తేవాళ్లే ఎక్కువ. నిరుడు రాసిందే తేదీలు కూడా మార్చకుండా మళ్లీ పెట్టేసేవాళ్లూ లేకపోలేదు. ఈ పని ముందురోజే తీరిగ్గా చేసుకోండి.

అవుట్‌లుక్‌లో, ఆఫీసు మెయిల్ ఎక్స్‌ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్) మీద ఉంటే, జవాబు రాయడానికి రెండు గళ్లు ఉంటాయి. ఒకటి సంస్థలోని వాళ్లకి, రెండోది బయటివాళ్లకి. ఒకటే రాసి రెండింట్లోనూ అతికించడం దగ్గరే అసలు ప్రమాదం. "16 దాకా ఊళ్లో ఉంటాను, బిల్లుల అప్రూవల్ ఫలానా ఆయన చూస్తారు" అని మీ టీముకి రాస్తే ఇబ్బంది లేదు. అదే బయటికి పోతే, మీరు ఎన్నాళ్లు దొరకరో, డబ్బు వ్యవహారం ఎవరి చేతిలో ఉందో మోసగాడికి మీరే చెప్పినట్టు. ఇక మీ పేరుతో అకౌంట్స్‌కి ఒక దొంగ మెయిల్ వస్తుంది. "ప్రయాణంలో ఉన్నా, ఫోన్ కలవదు, ఈ వెండర్‌కి ఇవాళే పంపేయండి" అని. మీరు లీవులో ఉన్న మాట నిజమే కాబట్టి అవతలివాళ్లకి అనుమానం రాదు.

అందుకే బయటివాళ్లకి రెండు ముక్కలు చాలు. ఫలానా తేదీ దాకా అందుబాటులో ఉండను, అర్జంటైతే టీము మెయిల్ ఐడీకి రాయండి. ఊరి పేరు, సొంత మొబైల్ నంబరు, పెళ్లిళ్లూ పేరంటాల కబుర్లు అక్కర్లేదు. "లీవులో ఉండగా డబ్బు పంపమని మెయిల్లో అడగను, అలాంటిదొస్తే నాకు ఫోన్ చేసి కనుక్కోండి" అని అకౌంట్స్‌వాళ్లకి నోటితోనే చెప్పి వెళ్లండి. అప్పటికే డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మీ బదులు ఎవరి పేరైనా రాస్తుంటే ముందు వాళ్లని అడగండి. వాళ్లూ అదే వారం ఊరెళ్తుంటే, ఒకరి రిప్లై ఇంకొకరి మీదికి తోస్తుంటుంది.

చదివేవాళ్లకి అర్థమయ్యే భాషలో రాయడమూ ముఖ్యమే. 2008లో వేల్స్‌లోని స్వాన్సీలో, లారీలకు ప్రవేశం లేదన్న బోర్డుకి వెల్ష్ అనువాదం కావాలని కౌన్సిల్‌వాళ్లు మెయిల్ పెట్టారు. తిరిగొచ్చిన వెల్ష్ మాటల్ని బోర్డు మీద రాయించి రోడ్డు పక్కన నిలబెట్టేశారు. తీరా చూస్తే అది "ప్రస్తుతం ఆఫీసులో లేను, అనువదించాల్సిన పని ఏదైనా ఉంటే పంపండి" అన్న ఆటోమేటిక్ రిప్లై!

తేదీల దగ్గర కాస్త చూసుకోవాలి. జీమెయిల్‌లో చివరి తేదీగా లీవు ఆఖరి రోజుని ఇవ్వండి, ఆ రాత్రి దాకా పనిచేస్తుంది. డ్యూటీలో చేరే రోజు ఇస్తే, సీట్లో కూర్చుని కూడా లేనని చెప్పుకుంటుంటారు. అవుట్‌లుక్‌లో గడువు పెట్టకపోతే మీరు ఆపేదాకా జవాబులు వెళ్తూనే ఉంటాయి. "రేపు వస్తాను" అని ఎప్పుడూ రాయొద్దు. ఈ నెలల్లో న్యూయార్క్ మనకి పదిన్నర గంటలు వెనక ఉంటుంది, ఎవరి రేపు అనుకోవాలి?

వచ్చిన ప్రతి మెయిల్‌కీ జవాబిచ్చేలా సొంతంగా రూల్ పెట్టకండి. అవతల కూడా అలాంటి యంత్రమే ఉంటే రెండూ తెల్లవార్లూ మాట్లాడుకుంటాయి. చిన్న ఆఫీసుల్లో ఎక్స్‌ఛేంజ్ లేకుండా, వేరే సర్వీసు మెయిల్‌ని ఐమాప్ అనే పద్ధతిలో అవుట్‌లుక్‌లోకి తెచ్చుకుని చూసేవాళ్లకి ఇంకో చిక్కుంది. అక్కడ టెంప్లేట్‌తో, అంటే ముందే రాసి దాచుకున్న జవాబుతో, పెట్టిన రూలు అవుట్‌లుక్ నడుస్తున్నంతసేపే పనిచేస్తుంది. లాప్‌టాప్ మూశారంటే జవాబులూ ఆగినట్టే. వాళ్లు మెయిల్ సర్వీసు వెబ్‌సైట్‌లోకి వెళ్లి పెట్టుకోవడం మేలు.

అంతా పెట్టాక మీ సొంత జీమెయిల్ నుంచి ఆఫీసు ఐడీకి ఒక మెయిల్ కొట్టి, బయటివాళ్లకి ఏం వెళ్తోందో చదవండి. రెండోసారి పంపితే జవాబు రాలేదని కంగారుపడకండి. అవుట్‌లుక్ ఒక్కో మనిషికి ఒక్కసారే ఇస్తుంది. జీమెయిల్ అయితే అదే మనిషికి మళ్లీ ఇవ్వడానికి నాలుగు రోజులు ఆగుతుంది. మళ్లీ పరీక్షించాలనుకుంటే వేరే ఐడీ నుంచి పంపండి.