త్రిభుజ సాధనలో జవాబు తప్పితే: తప్పు ఎక్కడుంది, ఎలా సరిచేయాలి

త్రిభుజంలో మూడు కొలతలు తెలిస్తే, అందులో కనీసం ఒకటి భుజమైతే, మిగతావి సైన్ సూత్రం (ఏ భుజాన్ని దాని ఎదుటి కోణం సైన్‌తో భాగించినా ఒకే విలువ), కొసైన్ సూత్రం (ఒక భుజం వర్గం = మిగతా రెండు భుజాల వర్గాల మొత్తం − 2 × ఆ రెండు భుజాల లబ్ధం × వాటి మధ్య కోణం కొసైన్) తేల్చేస్తాయి. సూత్రం రాక తప్పేవాళ్లు తక్కువ. సైన్ సూత్రాన్ని వాడకూడని చోట వాడి తప్పేవాళ్లే ఎక్కువ.

మూడు కోణాలూ కలిపితే 180° రావడం లేదు

భుజాలు 7, 8, 13 అనుకోండి. కొసైన్ సూత్రంతో 7 ఎదుటి కోణం 27.8°, 8 ఎదుటి కోణం 32.2° వచ్చాయి. 13 ఎదుటి కోణానికి సైన్ సూత్రం వాడితే 13 × 0.4663 ÷ 7 = 0.866. క్యాలిక్యులేటర్ 60° అంటుంది. మొత్తం 120° మాత్రమే!

లెక్కలో గుణకారం తప్పలేదు. 60°కీ 120°కీ సైన్ విలువ ఒకటే. సైన్ ఇన్వర్స్ నొక్కితే క్యాలిక్యులేటర్ ఎప్పుడూ 90° దాటని కోణాన్నే చూపిస్తుంది. అధికకోణం ఉందన్న సంగతి దానికి తెలిసే దారి లేదు. కొసైన్‌కు ఈ ఇబ్బంది లేదు, కోణం 90° దాటితే విలువ రుణాత్మకం అవుతుంది: (49 + 64 − 169) ÷ 112 = −0.5, అంటే 120°.

అందుకే మూడు భుజాలు ఇచ్చినప్పుడు అన్నిటికంటే పెద్ద భుజం ఎదుటి కోణాన్ని ముందు కొసైన్‌తో తేల్చండి. మిగతా రెండూ తప్పనిసరిగా అల్పకోణాలే కాబట్టి వాటికి సైన్ సూత్రం నిశ్చింతగా వాడొచ్చు. మిగతా రెండు కోణాల మొత్తాన్ని 180° నుంచి తీసివేసి మూడో కోణం రాసేయకండి. అలా రాస్తే మొత్తం ఎప్పుడూ 180° అవుతుంది, తప్పు దాక్కుంటుంది.

పక్కవాళ్ల జవాబు వేరు, రెండూ సరిపోతున్నాయి

రెండు భుజాలు, వాటి మధ్యలో లేని కోణం ఇచ్చారేమో చూడండి. కోణం 30°, దాని ఎదుటి భుజం 6, మరో భుజం 10 అయితే 10 × 0.5 ÷ 6 = 0.8333. దీనికి 56.44° సరిపోతుంది, 123.56° కూడా సరిపోతుంది. 30° కలిపినా రెండోది 180° దాటదు. కాబట్టి నిజంగానే రెండు త్రిభుజాలున్నాయి.

ఇక్కడ మూడో భుజాన్ని తెలియని రాశిగా పెట్టి కొసైన్ సూత్రం రాస్తే వర్గసమీకరణం వస్తుంది. మాకు ఈ దారే మేలనిపిస్తుంది, ఎందుకంటే ఎన్ని జవాబులున్నాయో అదే చెబుతుంది. మూడో భుజం వర్గం − 17.32 × మూడో భుజం + 64 = 0. మూలాలు 11.98, 5.34. రెండూ ధనాత్మకమై, వేర్వేరుగా ఉంటే రెండు త్రిభుజాలు. ఒక్కటే ధనాత్మకమైతే ఒకటి. విచక్షణి (మూలాలు కట్టేటప్పుడు వర్గమూలం లోపల వచ్చే విలువ) రుణాత్మకమైతే త్రిభుజమే లేదు. పరీక్షలో రెండు జవాబులూ రాయాలి. నేల మీద కొలిచేటప్పుడైతే ఇంకో కొలత తీసుకోవడం తప్ప మార్గం లేదు.

సైన్ ఇన్వర్స్ నొక్కితే "మ్యాథ్ ఎర్రర్"

విలువ 1 దాటింది. కోణం 40°, ఎదుటి భుజం 5, మరో భుజం 8 అయితే 8 × 0.6428 ÷ 5 = 1.028. ఆ 8 భుజం చివరి నుంచి మూడో భుజం గీత మీదికి లంబదూరమే 5.14, భుజం 5 దాన్ని అందుకోలేదు. అంకెలు ఎక్కించడంలో తప్పు లేకపోతే ఇచ్చిన కొలతే తప్పు. మూడు భుజాలతో కొసైన్ ఇన్వర్స్ వేసినప్పుడు ఇదే ఎర్రర్ వస్తే భుజాలు కూడి చూడండి. పత్రాల్లో 40, 25, 70 అడుగులని రాసి ఉన్న మూడు మూలల స్థలం ఏ నేల మీదా ఉండదు: 40 + 25 = 65, అది 70కి చాలదు.

కోణం, భుజం అసలు పొంతన లేని విలువలు

ముందు 30° సైన్ నొక్కండి. 0.5 రావాలి. −0.988 వస్తే క్యాలిక్యులేటర్ రేడియన్‌లో ఉంది, 0.454 వస్తే గ్రేడియన్‌లో ఉంది; ఇవి కోణాన్ని కొలిచే వేరే ప్రమాణాలు. డిగ్రీలకు మార్చండి.

మోడ్ సరిగానే ఉంటే కొసైన్ సూత్రంలో లెక్క వేసిన వరస చూడండి. భుజాలు 5, 8, మధ్య కోణం 60°: 25 + 64 − 80 × 0.5 = 49, మూడో భుజం 7. ముందు 89లోంచి 80 తీసేసి ఆ 9ని 0.5తో గుణిస్తే 4.5, వర్గమూలం 2.12. మూడో భుజం 3 కన్నా పెద్దది, 13 కన్నా చిన్నది కావాలి కాబట్టి 2.12 అక్కడే దొరికిపోతుంది. వర్గమూలం మరిచి 49 రాసినా అంతే.

జవాబు కొద్దిగా తేడా, డిగ్రీ అటూ ఇటూ

మధ్యలో విలువల్ని కుదించడం వల్ల ఇలా అవుతుంది. 90° దగ్గర సైన్ చాలా నెమ్మదిగా మారుతుంది: 0.9985 అంటే 86.9°, 0.9995 అంటే 88.2°. మూడు దశాంశాలకు కుదిస్తే డిగ్రీకి పైగా పోయినట్టే. అక్కడ కొసైన్ వాడండి. 1°, 2° లాంటి చిన్న కోణాలకు కొసైన్ అంతే చెడ్డది, వాటికి సైన్ మేలు. సర్వేలో త్రిభుజం కోణాలు 30° నుంచి 120° మధ్య ఉండేలా ఎంచుకోవడం కూడా కొలతలోని చిన్న తప్పు పెద్దది కాకుండా ఉండడానికే. మధ్య విలువల్ని క్యాలిక్యులేటర్ మెమరీలోనే ఉంచి, చివర్లో మాత్రమే కుదించండి.

థియోడలైట్ (సర్వేలో కోణాలు కొలిచే పరికరం) రీడింగ్ 35 డిగ్రీల 40 నిమిషాలైతే 35.40 అని కొట్టకండి. 40ని 60తో భాగించాలి: 35.667°.