ల్యాప్‌టాప్ స్వయంబోధిని – 2: అంచుల చుట్టూ ఒక ప్రదక్షిణ

గత పాఠంలో ల్యాప్‌టాప్‌ను సరిగ్గా ఆపడం నేర్చుకున్నాం కదా, ఈ రోజు ఆ పనితోనే మొదలుపెడదాం. షట్‌డౌన్ చేయండి, ఛార్జర్ తీసేయండి, మూత వేయండి. ఈ పాఠం పూర్తయ్యేవరకు తెర వెలిగించే పని లేదు. ఒక కాగితం, పెన్సిల్, వెలుతురు బాగా పడే బల్ల ఉంటే చాలు. రంధ్రాల పక్కన ఉండే గుర్తులు ఆవగింజంత ఉంటాయి, పైగా నల్లటి ఒంటి మీద బూడిదరంగులో అచ్చు వేస్తారు. నలభై దాటినవారు ఫోను టార్చి కూడా దగ్గర పెట్టుకోండి.

కాగితం మీద ఒక దీర్ఘచతురస్రం గీయండి. అది మీ ల్యాప్‌టాప్. మీకు దగ్గరగా ఉన్నది ముందు అంచు, మూత మడత పడే చోటు వెనుక అంచు. ఎడమ వైపు మొదలుపెట్టి, వెనుక నుంచి కుడికి, అక్కడి నుంచి ముందుకు, గుడి చుట్టూ తిరిగినట్టే తిరుగుదాం. కనిపించిన ప్రతి రంధ్రాన్నీ అది ఉన్నచోటే బొమ్మలో వేయండి. పేరు తెలియకపోతే ఆకారం గీస్తే చాలు. వీటినే పోర్టులు అంటారు. ఏది ఏ అంచున ఉండాలన్న నియమం ఏమీ లేదు. నేను ఎడమ అన్నది మీకు కుడివైపు ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు.

ముందుగా ఛార్జర్ పోర్టు వెతకండి. గుండ్రంగా ఉండి, లోపల సన్నటి సూది కనిపిస్తే అది పాత పద్ధతిది. దీనికి యంత్రంతోపాటు వచ్చిన ఛార్జరే శ్రేష్ఠం. అది పాడై వేరేది కొనాల్సి వస్తే, పాత ఛార్జర్ డబ్బా మీది చిన్న అక్షరాలు చదవండి. 19.5 వోల్టులు, 3.33 ఆంపియర్లు అని ఉందనుకుందాం. రెండింటినీ హెచ్చిస్తే దాదాపు 65 వాట్లు. కొత్తదానికి వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు మాత్రం అంతకన్నా ఎక్కువ ఉన్నా ఇబ్బంది లేదు. పిన్ను దూరింది కాబట్టి సరిపోయినట్టే అనుకుంటే లోపలి సర్క్యూట్ బోర్డు కాలిపోవచ్చు.

మీ ల్యాప్‌టాప్‌కు గుండ్రటి రంధ్రమే లేకపోతే కంగారుపడకండి, దాని సంగతి టైప్-సి దగ్గర చెబుతాను.

ఇప్పుడు అందరికీ తెలిసిన పలకాకారపు యూఎస్‌బీ పోర్టు. పెన్‌డ్రైవ్, మౌస్ పెట్టేది ఇందులోనే. దీని పూర్తి పేరు టైప్-ఏ. 1996లో మొదటి యూఎస్‌బీ ప్రమాణం విడుదలైంది. దాన్ని రూపొందించిన, చిప్పులు చేసే ఇంటెల్ సంస్థ బృందానికి నాయకుడు అజయ్ భట్, గుజరాత్‌లోని వడోదరలో చదువుకున్న, మన దేశంలో పుట్టినవాడే. అంతకుముందు మౌస్‌కు ఒక రంధ్రం, ప్రింటర్‌కు ఒకటి, మోడెమ్‌కు మరొకటి ఉండేవి. అన్నింటికీ ఒకే నోరు చాలునన్నది ఆయన వాదన. అయితే ఆ నోటికి ఒక పెంకితనం ఉంది: ఒకవైపుగానే దూరుతుంది. ఎటు తిప్పినా పనిచేసేలా చేస్తే తీగలూ సర్క్యూట్లూ పెరిగి ఖర్చెక్కువవుతుందని అప్పట్లో ఆ సౌకర్యాన్ని వదిలేశారు. ఆ పొదుపు ఫలితాన్ని మనం ముప్పై ఏళ్లుగా అనుభవిస్తున్నాం. పెట్టేముందు పోర్టు లోపలికి చూడండి. ప్లాస్టిక్ నాలుక ఒకటి కనిపిస్తుంది. అది పైన ఉంటే, మీ చేతిలోని పెన్‌డ్రైవ్ నాలుక కిందికి రావాలి. అంతే తప్ప బలం ఉపయోగించవద్దు.

ఆ నాలుక రంగు కూడా రాసుకోండి. నలుపో తెలుపో అయితే చాలా మటుకు యూఎస్‌బీ 2.0, నీలమైతే 3.0. మొదటిది సెకనుకు 480 మెగాబిట్లు మోస్తుంది, రెండోది 5 గిగాబిట్లు, అంటే పదింతల పైమాటే. కానీ రంగు తప్పనిసరి నియమం కాదు, కొందరు తయారీదారులు అన్నింటికీ నలుపే వేస్తారు. పక్కనున్న త్రిశూలం గుర్తుతోపాటు ‘ఎస్‌ఎస్’ అనే అక్షరాలు ఉంటే వేగమైనదే అని నమ్మవచ్చు. ఈ 3.0నే తర్వాత ‘3.1 జెన్ 1’ (జెన్ అంటే జనరేషన్, తరం) అన్నారు, ఆపైన ‘3.2 జెన్ 1’ అన్నారు. మూడు పేర్లూ ఒకే మనిషివి. దుకాణంలో ‘3.2’ అని గొప్పగా చెబితే వెనుక ఉన్న జెన్ ఎంతో అడగండి. మౌస్‌కు, కీబోర్డుకు నల్ల నాలుక చాలు. సినిమాలు, పెళ్లి ఫొటోలు ఎక్కించే హార్డ్‌డిస్కుకు నీలం నాలుక కేటాయించండి. చాలామంది సరిగ్గా తిరగేసి చేసి, కాపీ గంటసేపు పడుతోందని విసుక్కుంటారు.

ఇక టైప్-సి. చిన్నగా, రెండు చివరలా గుండ్రంగా, ఇప్పటి ఫోన్లకు ఉండేదే. ఈ పాఠంలో మిగతాదంతా మరచిపోయినా దీన్ని మాత్రం గుర్తుంచుకోండి. 2014లో వచ్చిన ఈ పోర్టులో 24 పిన్నులు ఉంటాయి, పైన పన్నెండు, కింద పన్నెండు. వరుసలు ఒకదానికొకటి తిరగేసినట్టు ఉండటంవల్ల ఎటు పెట్టినా పనిచేస్తుంది. పాత పెంకితనం పోయింది. దాని స్థానంలో ఇంకో చిక్కు వచ్చిపడింది: టైప్-సి అన్నది ఆకారం పేరు మాత్రమే. లోపల ఏముందో ఆకారం చెప్పదు. ఒకటి డేటా మాత్రమే మోస్తుంది. ఇంకొకటి డేటాతోపాటు ఛార్జింగ్ కూడా తీసుకుంటుంది. మూడోది ఆ రెండింటితోపాటు టీవీకి బొమ్మ కూడా పంపుతుంది. మూడూ పక్కపక్కనే, కవల పిల్లల్లా ఉండవచ్చు. నా ల్యాప్‌టాప్‌కు రెండున్నాయి. కొన్న కొత్తలో పెద్ద తెరను ఒకదానికి తగిలించి, బొమ్మ రాక, తెర చెడిపోయిందని నిర్ధారించుకుని, అమ్మినవారితో వాదన కూడా పెట్టుకున్నాను. చివరకు తీగ తీసి పక్క పోర్టులో పెడితే వెలిగింది. గుర్తు అక్కడే ఉంది, నేను చూడలేదు.

కాబట్టి ఆ గుర్తులు చూడండి. బ్యాటరీ బొమ్మో ప్లగ్గు బొమ్మో ఉంటే ఛార్జింగ్ కోసమని అర్థం. ఆంగ్ల డి, పి అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు ఉంటే అది డిస్‌ప్లేపోర్ట్ గుర్తు, బొమ్మ పంపగలదు. కొసన బాణం ములుకు ఉన్న మెరుపు బొమ్మ ఉంటే థండర్‌బోల్ట్, అన్నింటిలో సమర్థమైనది. ఇక్కడొక తికమక ఉంది. టైప్-ఏ పోర్టు పక్కన కూడా మెరుపు బొమ్మ కనిపిస్తుంటుంది. అక్కడ దాని అర్థం వేరు. సాధారణంగా ల్యాప్‌టాప్ ఆపి ఉన్నా ఆ పోర్టు నుంచి ఫోను ఛార్జ్ చేసుకోవచ్చని చెప్పడానికే దాన్ని వేస్తారు. గుర్తు ఏమీ లేకపోతే మీ మోడల్ పేరుతో తయారీదారు ఇచ్చిన వివరాల పత్రం చూడటం ఒక్కటే మార్గం.

టైప్-సి ఛార్జర్‌తో పాత భయం లేదు. అది మొదట 5 వోల్టులే ఇస్తుంది, తర్వాత ల్యాప్‌టాప్‌తో మాట్లాడుకుని, అడిగితేనే, సాధారణంగా 20 వోల్టుల దాకా, పెంచుతుంది. ఫోను ఛార్జర్ తగిలిస్తే ఏమీ కాలదు, నత్తనడకన ఎక్కుతుంది లేదా చాలదని తెర మీద హెచ్చరిక వస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో కొత్తగా అమ్మే ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 నుంచి టైప్-సి ఛార్జింగ్ తప్పనిసరి చేశారు. గుండ్రటి సూది రోజులు దగ్గరపడ్డాయన్నమాట. అన్నట్టు, తీగ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఫోనుతో వచ్చే టైప్-సి తీగల్లో చాలావాటికి డేటా వేగం ఇంకా 480 మెగాబిట్లే. పోర్టు ఎంత గొప్పదైనా తీగ దగ్గర ఆగిపోతుంది.

బొమ్మ పంపడానికి ప్రత్యేకంగా ఉండేది హెచ్‌డీఎంఐ. కింది మూలలు రెండూ కాస్త లోపలికి నొక్కినట్టుంటాయి, లోపల 19 పిన్నులు. బొమ్మతోపాటు శబ్దం కూడా ఇందులోనే వెళ్తుంది. అందుకే టీవీకి కలపగానే ల్యాప్‌టాప్ స్పీకర్లు మూగబోతుంటాయి, చెడిపోయి కాదు. పాత యంత్రమైతే 15 పిన్నుల, నీలిరంగు వీజీఏ పోర్టు ఉండవచ్చు. కంప్యూటర్ల సంస్థ ఐబీఎం 1987లో తెచ్చినది, శబ్దం మోయదు. ఒకసారి ఒక ఊళ్లో పాఠం చెప్పడానికి వెళ్తే అక్కడి ప్రొజెక్టర్‌కు వీజీఏ తీగ మాత్రమే ఉంది, నా దగ్గర హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంది. ఆ రోజు కంప్యూటర్ పాఠం మొత్తం సుద్దముక్కతో సాగింది. ఇప్పుడు ఆ రెండింటినీ కలిపే చిన్న కన్వర్టర్ లేకుండా గడప దాటను.

వెనుక అంచుకు రండి. సన్నటి జాలీ కనిపిస్తే అది ఫ్యాను వేడిగాలి వదిలే దారి. గాలి లోపలికి వెళ్లే దారి ఎక్కువగా అడుగు భాగంలో ఉంటుంది. పరుపు మీద, దిండు మీద పెట్టి పనిచేస్తే ఆ దారి మూసుకుంటుంది, యంత్రం వేడెక్కి తనంతట తానే నెమ్మదిస్తుంది. మే నెలలో ‘వైరస్ వచ్చినట్టుంది’ అని బెంగపడేవారిలో కొందరి సమస్య పరుపే.

కుడివైపు చిన్న గుండ్రటి రంధ్రం 3.5 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోన్ జాక్. మీ ఇయర్‌ఫోన్ పిన్ను మీది నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండుంటే వినడానికే, మూడుంటే మైకు కూడా ఉన్నట్టు. ఎనిమిది పిన్నుల పెద్ద చతురస్రపు పోర్టు ఇంటర్నెట్ తీగది. పలచటి ల్యాప్‌టాప్‌లలో దానికి దవడలా తెరుచుకునే మూత ఉంటుంది. ఆ తీగను తీసేటప్పుడు క్లిప్పు నొక్కిపట్టి లాగండి. ఇక 7 మిల్లీమీటర్ల పొడవు, 3 వెడల్పు ఉన్న గాడి కనిపించి, లోపల పిన్నులేవీ లేకపోతే, అది పోర్టు కాదు. గ్రంథాలయాల్లో యంత్రాన్ని బల్లకు కట్టేసే తాళం కోసం. కెమెరా కార్డు గాడి సంగతి ఫొటోల పాఠంలో చూద్దాం.

మెత్తటి గుడ్డ పరచి, ల్యాప్‌టాప్‌ను మెల్లగా బోర్లించండి. అడుగున మోడల్ పేరు, సీరియల్ నంబరు ఉన్న స్టిక్కర్‌ను ఇప్పుడే ఫోనులో ఫొటో తీసుకోండి. రెండేళ్లకు అక్షరాలు అరిగిపోతాయి, సర్వీసువారు మొదట అడిగేది ఆ నంబరే. ఆ ఫొటోను ఎవరికీ ఊరికే పంపకండి.

చివరగా మూత తెరవండి, ఒక మూల పట్టుకుని కాదు, మధ్యలో పట్టుకుని. మూలన లాగే అలవాటు వల్ల మడతబందు వదులవుతుంది. తెర పైన కెమెరా, దాని పక్కన సూదిమొనంత రంధ్రాలు ఉంటే అవి మైకులు. దుమ్ము పట్టిందని పిన్నుతో పొడవకండి. మూత మూశారని యంత్రానికి తెలిసేది సాధారణంగా లోపలున్న అయస్కాంతం వల్ల. అయస్కాంతపు కొక్కెం ఉన్న గడియారం పట్టీతో టైప్ చేస్తుంటే తెర హఠాత్తుగా ఆరిపోయేది కూడా అందుకే. ఇప్పుడు కళ్లు మూసుకుని చూపుడువేళ్లతో కీబోర్డును తడమండి. రెండు మీటల మీద చిన్న గీతలు తగులుతాయి, ఎఫ్, జె. వచ్చే పాఠం ఆ రెండు గీతల దగ్గరే మొదలవుతుంది.

ఈలోగా అభ్యాసం: బొమ్మలోని ప్రతి పోర్టు పక్కన పేరు, నాలుక రంగు, గుర్తు రాయండి. తెలియని వాటికి ప్రశ్నార్థకం పెట్టండి. ఇంట్లో ఉన్న తీగలన్నీ బయటికి తీసి, ఏది దేనికి సరిపోతుందో గీతలతో కలపండి. ఏ పోర్టుకూ సరిపోని తీగ ఒకటైనా మిగులుతుంది, దాన్ని పారేయకుండా పక్కన పెట్టండి.