డిశ్చార్జ్ బుక్కులో తప్పుంటే

నేవీలో చేసి రిటైరై మల్కాపురంలో ఉంటున్నాను. డిశ్చార్జ్ బుక్కు (సర్వీసు ముగిశాక ఇచ్చే రికార్డు పుస్తకం) పట్టుకుని వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ముందు ఆధార్, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), బుక్కు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. భార్య పేరు ఒకచోట ‘లక్ష్మి’, ఇంకోచోట ‘వెంకటలక్ష్మి’ అని ఉంటే రేపు ఫ్యామిలీ పెన్షన్‌కి పేచీ అక్కడే. సెయిలర్ల రికార్డులు ముంబైలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్ చూస్తుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి అర్జీ రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

డిశ్చార్జ్ కారణమే తప్పంటారా, అది వేరే గొడవ. ముందు శాఖాపరంగా అప్పీలు, అక్కడ కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునల్. తుది ఉత్తర్వు వచ్చాక గడువు 6 నెలలే. ఫోన్లో ‘చూస్తాం’ అన్నారని కూర్చోకండి. లాయరు ఫీజు టెన్షన్ ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, అర్హులకు ఉచితం.